అడవికి నేను రాసిన టైంటేబుల్

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పని సిటీ బస్సుల్లో టికెట్ల తనిఖీ. ఏ స్టాపులో ఎన్నింటికి ఎక్కాను, ఎక్కడ దిగాను, ఏం చూశాను అన్నది ఏ రోజుకా రోజు రిపోర్టు రాయాలి. ఆ అలవాటు నాతోపాటు ఇంటికీ వచ్చింది. రోజుకొక పేజీ డైరీ. లేచిన వేళ, వాన, వచ్చినవాళ్లు, వండిన కూర. 2009లో రిటైరయ్యాక ఆ పేజీ నింపడం కష్టమైపోయింది. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి లైబ్రరీకి నడవడం, పేపర్లు చదవడం, తిరిగి రావడం. ఒక వారం పేజీలు పక్కపక్కన పెడితే తేదీలు తప్ప తేడా ఉండేది కాదు.

మరుసటి ఏడాది పెన్షన్ కాగితం ఏదో కంప్యూటర్లో నింపాల్సివచ్చి అశోక్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాను. పని అయిపోయి లేవబోతుంటే వెనక వరుసలోంచి ఒక అమ్మాయి పిలిచింది.

"అంకుల్, మీకేమన్న అర్జెంటుందా?"

"లేదమ్మా."

"అయితే జర కూసోండ్రి. మాకు ఆటల ఒక మనిషి తక్కువున్నడు. మీరేం చెయ్యొద్దు, ఊకె నిలబడుండ్రి."

ఊరికే నిలబడ్డాను. రెండు నిమిషాల్లో నన్ను చంపేశారు. ఎందుకు చచ్చానో తెలియలేదు. ఇంటికి వెళ్లి డైరీలో ఆ ప్రశ్న రాసుకున్నాను. మర్నాడు జవాబు వెతుక్కుంటూ మళ్లీ వెళ్లాను.

ఆట సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. రెండు జట్లు, జట్టుకు ఐదుగురు. తెర మీద ఈ చివర ఒక కోట, ఆ చివర ఒక కోట, వాటిని కలుపుతూ మూడు దారులు. దారుల మధ్య అడవి. నలుగురు దారులు కాస్తారు, ఐదోవాడు అడవిలో తిరుగుతాడు. అక్కడక్కడ మృగాల మకాములుంటాయి. వాటిని చంపితే బంగారం. ఆ బంగారంతో కత్తి, కవచం, వేగంగా నడిపించే చెప్పులు లాంటివి ఆరు వస్తువుల వరకు కొనుక్కోవచ్చు. ఏ వస్తువు తర్వాత ఏది కొంటామో ఆ వరుసను బిల్డ్ అంటారు. అడవివాడు సమయం చూసి పొదలోంచి దారిలోకి దూకి, తనవాళ్లతో కలిసి శత్రువును పట్టుకోవాలి. చెప్పకుండా బస్సెక్కే చెకింగ్ లాంటిదే. అందుకే కాబోలు, నాకు అడవి అప్పగించారు.

అమ్మాయి వరంగల్ వైపు నుంచి వచ్చి గ్రూప్స్‌కి చదువుకుంటోంది. అందరం ఆమెను కెప్టెన్ అనేవాళ్లం. మిగతా ముగ్గురు కూడా అశోక్‌నగర్ కోచింగ్ వాళ్లే. అవి ఉద్యమం రోజులు. ఈ రోజు బంద్, రేపు ర్యాలీ, పరీక్షలు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఆడుకునేవాళ్లు. ఆ ముగ్గురిలో ఒకతను గుంటూరు నుంచి వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. తక్కువ మాట్లాడతాడు. అందరూ నన్ను అంకుల్ అంటే అతను బాబాయ్ గారూ అనేవాడు.

ఏడాది తిరిగేసరికి అడవి నాకు కంఠతా వచ్చింది. ఆ ఆటలో ఖాళీ అయిన మకాములో నిమిషం మారగానే కొత్త మృగాలు పుడతాయి. యాభై మూడో సెకనుకు పాతవాటిని రెచ్చగొట్టి బయటికి లాగితే, మకాం ఖాళీ అనుకుని ఇంకో మంద పుడుతుంది. రెండింతల బంగారం. ఇంత సమయపాలన ఉన్న అడవిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. స్కేలుతో గీతలు గీసి పెద్ద కాగితం మీద పట్టిక రాశాను. ఎన్నో నిమిషంలో ఏ మకాం, ఏ పొద చాటున దారిలోకి రావడం, అన్నీ. అడుగున ఆరు వస్తువులు, కొనే వరుసలో. నేను ఏ క్షణాన ఎక్కడుంటానో తెలిస్తే జట్టుకు మేలు కదా అని నలుగురికీ నాలుగు జిరాక్స్ కాపీలు తీసి ఇచ్చాను.

కెప్టెన్ కాగితం చూసి నవ్వింది. "అంకుల్, గిది ఆటనా, బస్ టైంటేబులా?"

అదయిన మర్నాటి నుంచి చావులు మొదలయ్యాయి. ముందు వరుసలో కూర్చునే ఇంకో జట్టుతో మేము రోజూ ఆడేవాళ్లం. నేను మూడో మకాం దగ్గరికి వెళ్లేసరికి వాళ్లు ఇద్దరు పక్క పొదలో కాచుకుని ఉండేవారు. వాళ్లలో పొడుగ్గా, చెవికి పోగుతో ఉండేవాడు అక్కడి నుంచే అరిచేవాడు. "తాతా, టైముకే వచ్చినవ్!"

గుంటూరతను ఒకసారి నా పక్కకు జరిగి మెల్లగా అన్నాడు. "బాబాయ్ గారూ, ఒక్క మాట చెప్పనా? ఈ మధ్య వాళ్లు రోజూ మంత్రాలేసేవాళ్లనే తీసుకుంటున్నారండి. మీరేమో ముందు ఆ పెద్ద కత్తి కొంటున్నారు. అది చేతికొచ్చేలోపే మిమ్మల్ని కదలకుండా కట్టేసి చంపుతున్నారు. మంత్రం తగలకుండా ఆపే కవచం ముందు కొనండి."

"లిస్టులో అది ఐదోది నాయనా."

"లిస్టు మనం రాసుకున్నదే కదండీ."

నేను వినలేదు. ముప్పై ఏళ్లు రూలు పుస్తకంతో బతికినవాణ్ని, లిస్టు మార్చడం చేతకాలేదు.

అలా వారం గడిచింది. సెంటర్ ఓనరు కొత్త మౌసులు తెచ్చి ముందు వరుసలో పెట్టి, ఆదివారం రెండు జట్ల మధ్య మ్యాచ్ అన్నాడు. గెలిచినవాళ్లకి నెలపాటు ముందు వరుస. శుక్రవారం ఆటలో నేను మళ్లీ అదే పొదలో చచ్చాను. కెప్టెన్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇగ చాలు. మనలోనే ఎవరో చెప్తుర్రు వాళ్లకి. అంకుల్ ఎప్పుడేడికి పోతడో సెకన్లతోని తెలుస్తుంది."

అందరి చూపూ ఒకవైపే తిరిగింది. గుంటూరతనూ, అవతలి జట్టులో ఒకడూ దోమలగూడలో ఒకే గదిలో అద్దెకుండేవారు.

"నేను చెప్పలేదండి," అన్నాడతను.

"ఒక్క రూంల ఉంటరు, ఒక్క కుకర్ల తింటరు. మాట రాకుంటదా?"

"రూములో చదువుకుంటామండి. ఆట మాట రాదు."

"ఏమో. ఆదివారం నువ్వు కూసోకు. వేరేవాళ్లను చూస్కుంటం."

అతని ఊరి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ రోజుల్లో ఎత్తాల్సిన అవసరం లేదు. ఎత్తకపోయినా అది గదిలో ఉంది. అతను హెడ్‌ఫోన్ వైరు చుట్టి, కీబోర్డు పక్కన సర్ది, లేచాడు. నేను మెట్ల దాకా వెళ్లాను.

"రోజంతా పుస్తకాలేనండి," అన్నాడు. "ఈ రెండు గంటలే నేను మనుషులతో మాట్లాడేది. ఇది కూడా లేకపోతే ఇక్కడెందుకు? సోమవారం రూం ఖాళీ చేసేస్తాను. ఇంటి దగ్గరే చదువుకుంటా."

నేను ఏదైనా అనాల్సింది. భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను. ఇంటికెళ్లి ఆనాటి పేజీ చివర ఇలా రాశాను: "మాట బయటికి పోతోంది. గుంటూరతను కావచ్చు."

శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఆ వాక్యం మళ్లీ చదివాను. ఉద్యోగంలో ఇలాంటి రిపోర్టు రాస్తే మా పైఅధికారి మొహాన కొట్టేవాడు. కావచ్చు అంటే ఏమిటి, చూశావా, ఎప్పుడు, ఎక్కడ అని అడిగేవాడు. ఆటల కోసం అప్పటికే వేరే నోటుపుస్తకం పెట్టుకున్నాను. అది తీసి చావుల లెక్క చూశాను. అంతకు ముందు వారం మంగళవారం దాకా మూడో మకాం పొదలో నేను ఒక్కసారి కూడా చావలేదు. ఆ తర్వాత ఆడిన తొమ్మిది ఆటల్లో ఎనిమిదిసార్లు. అంటే మంగళవారం ఏదో జరిగింది. ఆనాటి డైరీ పేజీ తిప్పాను.

"మబ్బు. పదకొండింటికి అశోక్‌నగర్. అడవి పట్టిక నాలుగు కాపీలు. అసలు కాగితం మెషీన్‌లోనే మరిచిపోయి వచ్చాను. భోజనం చేసి మళ్లీ వెళ్తే షాపతను భద్రంగా తీసి ఇచ్చాడు. మంచి మనిషి."

కాఫీ చల్లారిపోయింది. చెప్పులేసుకుని బయల్దేరాను. "ఇంత పొద్దుగాల ఏ అడవికి?" అని మా ఆవిడ వెనక నుంచి అంటూనే ఉంది.

షాపతను అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. గోడల నిండా తాళ్లకు కట్టిన నోట్సు కట్టలు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"ఆ గీతల కాగితం సారు గదా మీరు! అక్షరం ముత్యం లెక్కుండె."

"అది ఇంకెవరికైనా తీసిచ్చావా బాబూ?"

"మీరట్ల పోంగనే మూత లేపితే ఉండె. ఎన్క నిలవడ్డ పొడుగు పోరడు, చెవికి పోగుంటది, ఆయన చూసి, 'అన్నా గిది నాకొకటి తియ్' అన్నడు. నోట్సు అందరు గట్లనే తీస్కపోతరు గద సార్. ఏందన్న పరేషానా?"

"లేదు. నీ తప్పేం లేదు."

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. సిగ్గుపడాల్సిన సమయం. సిగ్గు వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు గుండెల మీంచి బరువు దిగింది. అతను కాదు. కాపీలు నాలుగూ లెక్కపెట్టుకుని, మూత కింద అసలుది వదిలేసి వచ్చిన నేను.

రెండింటికి సెంటర్‌లో డైరీ తెరిచి కెప్టెన్ ముందు పెట్టి, షాపులో విన్నది చెప్పాను. ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివింది. ముందు మొహం మాడిపోయింది, తర్వాత నవ్వు ఆగలేదు.

"అంటే వాళ్లు టైంటేబుల్ వట్టుకొని, బస్టాప్‌ల నిలబడ్డట్టు మీ కోసం నిలబడ్డరా అంకుల్!" మళ్లీ వెంటనే నవ్వు ఆపేసింది. "గాయన రూం ఏడుందో తెలుసా మీకు?"

దోమలగూడలో మూడో అంతస్తు. పుస్తకాలు అప్పటికే అట్టపెట్టెల్లో పెట్టి తాడు కట్టాడు. కెప్టెన్ గడప దగ్గరే నిలబడింది. "నాదే తప్పు. చూడకుండ అన్న. రేపు వచ్చి నీ సీట్ల నువ్వు కూసో."

నేను జరిగింది చెప్పాను. అతని రూమ్మేటు మంచం మీంచి లేచి, "ఆ కాగితం నేను కూడా చూసిన. నీ జట్టుదని నీకు చెప్పలే," అని తల గోక్కున్నాడు.

గుంటూరతను నా వైపు తిరిగాడు. "బాబాయ్ గారూ, అడుగున వస్తువుల లిస్టు కూడా రాశారు కదూ?"

"రాశాను."

"అదీ సంగతి. మంత్రాన్ని ఆపేది ఐదోసారి గాని కొనరని తెలిసే, అందరూ మంత్రాలవాళ్లని తీసుకున్నారు." అని పెట్టె మీది తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. "కూర్చోండి. రేపటికి పని చాలా ఉంది."

ఆ సాయంత్రం నారాయణగూడలో ఇరానీ చాయ్ ముందు కూర్చోబెట్టి అతను నాకు పాఠం చెప్పాడు. ఏదైనా కొనే ముందు ఒక మీట నొక్కి అవతలి ఐదుగురి దగ్గర ఏమున్నాయో చూడాలి. వాళ్ల చేతిలో ఉన్నదాన్ని బట్టి మన చేతిలోది. అడవిలో కూడా మకాం సమయాలు గుర్తుంచుకోవాలిగానీ వాటికి కట్టుబడకూడదు. అతను చెబుతుంటే నాకు ఉద్యోగంలో మొదటి ఏడాది గుర్తొచ్చింది. మూడు వారాలు ఒకే స్టాపులో నిలబడి ఒక్క కేసూ పట్టుకోలేకపోయాను. చివరికి ఒక కండక్టరే జాలిపడి చెప్పాడు: "సార్, మీరు పొద్దుగాల ఇక్కడనే ఉంటరని డిపోల అందరికి ఎర్కనే." ఆ తర్వాత జీవితంలో ఎప్పుడూ వరుసగా రెండు రోజులు ఒకే స్టాపులో ఎక్కలేదు. అది తెలిసిన మనిషినే, ఆటలోకి వచ్చేసరికి మరిచిపోయాను.

ఆదివారం సెంటర్ కిక్కిరిసింది. గుంటూరతను నా పక్క సీట్లో కూర్చున్నాడు. అవతల మళ్లీ ముగ్గురు మంత్రాలవాళ్లే. నేను చెప్పుల తర్వాత నేరుగా కవచం కొన్నాను. మూడో మకాం వైపు వెళ్లనే లేదు. ఆట మొదటి పావుగంటలో సగం సేపు వాళ్లు ఇద్దరు ఆ పొదలోనే నిలబడ్డారట. ఆ ఇద్దరు లేని దారుల్లో నేనూ గుంటూరతనూ కలిసి మిగతావాళ్ల పని పట్టాం. చివరికి ఒకసారి నన్ను చుట్టుముట్టారు. మంత్రాలన్నీ నా మీద పడ్డాయి, ఒక్కటీ అంటలేదు. కవచం ఉన్న ఆ కొద్ది క్షణాల్లో మావాళ్లు వచ్చేశారు. వాళ్ల కోట పడిపోయింది.

పొడుగతను సీట్లోంచి లేచి అరిచాడు. "తాతా, కాగితంల గిట్ల లేదు గదా!"

ఎప్పుడూ గొంతెత్తని గుంటూరతను నాకంటే ముందే అందుకున్నాడు. "కొత్త ఎడిషన్ వచ్చిందండీ! జిరాక్స్ షాపులో అడగండి!"

అతని రూమ్మేటే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇంటికొచ్చి శుక్రవారం పేజీ తీశాను. మా రిపోర్టుల్లో తప్పు దిద్దాలంటే ఒక పద్ధతి ఉండేది. పాత అక్షరం కనబడేలా ఒకే గీత కొట్టి, సరైనది పైన రాసి, పక్కన పొట్టి సంతకం చెయ్యాలి. "గుంటూరతను కావచ్చు" మీద స్కేలుతో ఒక గీత గీశాను. పైన "నేనే" అని రాసి సంతకం చేశాను. నా డైరీలన్నిటిలో కొట్టివేత అదొక్కటే.

సోమవారం పేజీ మాత్రం చిన్నది. "ఎండ. బెండకాయ కూర. రెండింటికి సెంటర్. అతను నాకంటే ముందే వచ్చి ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు."