పట్టాల దగ్గర ఆగే బస్సులు

ఆ ఆటను ఇంటికి తెచ్చింది నేనే. కోదాడలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నప్పుడు ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. ఊళ్ల మధ్య రోడ్లు వేసి, పట్టాలు పరిచి, బస్సులూ రైళ్లూ నడుపుకునే ఆట. పైసా కట్టనక్కర్లేదు. ఎవరెవరో కలిసి రాసి, లోపలి కోడ్ కూడా అందరి ముందూ పెట్టేశారు. నచ్చనిది ఉంటే మనమే మార్చుకోవచ్చు. ఆటకంటే ఆ మాటే నాకు ఎక్కువ నచ్చింది. ఆ వయసులో నాకు నచ్చనివి చాలానే ఉండేవి.

సూర్యాపేటలో మా కిరాయి ఇంట్లో నాన్న ఆరేళ్లుగా కుర్చీకే అతుక్కుపోయి ఉన్నాడు. బస్సు కండక్టర్‌గా పనిచేసిన మనిషి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మిర్యాలగూడ అవతల గేటు లేని చోట ఆయన బస్సును రైలు గుద్దింది. పొద్దుటి మొదటి ట్రిప్పు, ఇంకా ఎవరూ ఎక్కలేదు. డ్రైవర్ అక్కడికక్కడే చనిపోయాడు. నాన్న కుడికాలిలో రాడ్ వేశారు.

అలాంటి చోట ఒక పద్ధతి ఉంది. బస్సు పట్టాలకు ఇవతలే ఆగాలి. కండక్టర్ దిగి, పట్టాల దాకా నడిచి, రెండు వైపులా చూసి విజిల్ వేయాలి. ఆ తర్వాతే డ్రైవర్ బండి కదిలించాలి. నాన్న దిగి, రైలును చూసి, చెయ్యి అడ్డం పెట్టినా డ్రైవర్ ఆగలేదనీ, ఉరికి ఫుట్‌బోర్డు ఎక్కి ఆపబోతే కాలు విరిగిందనీ విచారణలో తేలింది. తేలిందంటే, నాన్న చెప్పాడు, వాళ్లు రాసుకున్నారు. మా బజారంతా ఆయనను మెచ్చుకుంది. నేను బడిలో గొప్పగా చెప్పుకున్నాను.

కోదాడలో ఆ డ్రైవర్ కూతురు నా క్లాసులోనే చేరింది. నేనెవరి బిడ్డనో తెలిసిన రోజు నా దగ్గరికి వచ్చి, "మా నాన్న ఆఖరికి ఏమన్నడో మీ నాన్ననడిగి చెప్తవా?" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏమంటడు? ఆగమన్నా ఆగలే. ఆయన చేయబట్టే మా నాన్న కాలు పోయింది" అన్నాను, నలుగురూ వింటుండగా. ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి వేరే బెంచీలో కూర్చుంది.

నాన్నకు కాలక్షేపంగా ఉంటుందని ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌లో ఆ ఆట పెట్టిచ్చాను. అందులోని ఇంగ్లిషు ఊళ్ల పేర్లు తీసేసి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, హాలియా అని మార్చాను. మొదటి వారం బాగానే నవ్వాడు. "హాలియాకు డైరెక్ట్ బస్సేసిన, జర సూడు" అని అమ్మను పిలిచాడు. తర్వాత ఒకరోజు రోడ్డూ పట్టాలూ కలిసేచోట రైలు బస్సును గుద్దింది. ఆ ఆటలో అప్పుడప్పుడూ అది జరుగుతుంది. తెర మీద చిన్న మంట, అంతే. నాన్న ముఖం పాలిపోయింది.

అప్పటినుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. రైలు కనిపించగానే మౌస్ నొక్కి బస్సును పట్టాల ఇవతల ఆపడం, రైలు పోయాక వదలడం. పొద్దస్తమానం అదే పని. కంచంలో అన్నం చల్లారిపోయేది. "మీ నాయనకు మళ్ల నౌకరి దొరికింది, సెలవన్నదే లేదు" అనేది అమ్మ, మొదట్లో నవ్వుతూ, తర్వాత ఏడుస్తూ. చివ్వెంల నుంచి పెదనాన్న వచ్చి, గొర్ల దగ్గరికి వస్తే నాలుగు రోజులు గాలి మారుతుందని బతిమాలినా తెర మీంచి కళ్లు తిప్పలేదు. మనిషి మా కళ్ల ముందే చిక్కి సగమయ్యాడు. ఎలాగైనా ఆయనను ఆ కుర్చీలోంచి లేపాలనుకున్నాను.

కాలేజీ ల్యాబులో పది రోజులు కూర్చున్నాను. రైలూ బస్సూ ఒకే చోటికి వస్తే ఏం జరగాలో చెప్పే భాగాన్ని వెతికి పట్టుకుని, ఏమీ జరగకూడదని రాశాను. శనివారం ఇంటికి తెచ్చి పాతదాని చోట పెట్టాను. నాన్నకు చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ బలవంతం మీద చేతులు కడుక్కోవడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి బస్సు పట్టాల మీద ఉంది. ఆయన మౌస్ అందుకునేలోపే రైలు బస్సు లోపల్నుంచి దూసుకుపోయింది. బస్సు తన దారిన తాను కోదాడ వైపు సాగిపోయింది.

"గిదేంది?" అన్నాడు.

"నేనే మార్చిన నాన్నా. ఇగ గుద్దవు. నువ్వు పరేషాన్ గాకు" అన్నాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

"అంటే, దిగకున్నా ఏం గాదన్నట్టు."

"ఎవరు దిగకున్నా?"

నాన్న తెరనే చూస్తూ చెప్పాడు. "ఆ పొద్దు నేను దిగలే బిడ్డా. వాన పడ్తుండె. సీట్ల కూసుండే విజిల్ ఊదిన. ఆయన మంచిగనే ఆగిండు. నా విజిల్ ఇన్నంకనే బండి తీసిండు."

నాకు జాలి కలగలేదు. అసహ్యం వేసింది. "మిర్యాలగూడ పోదాం పా. ఆ డ్రైవర్ ఇంటోళ్లకు చెప్దాం" అన్నాను. నాన్న కంప్యూటర్ బంద్ చేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఆ ఆట తెరవలేదు. పెదనాన్న దగ్గరికీ పోలేదు.

నా క్లాసులోని ఆ డ్రైవర్ కూతురికి నేనైనా చెప్పాలి. రేపు చెప్తాననుకున్నాను, సెలవుల తర్వాత అనుకున్నాను, ఇంకో సెమిస్టర్ అనుకున్నాను. చెబితే నాన్న ఏమైపోతాడోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోవాలన్నదే అసలు భయం.

ఫైనలియర్ చివరి పరీక్ష రోజు ఆమే నా దగ్గరికి వచ్చింది. నాలుగేళ్లలో అది రెండోసారి.

"మీ నాన్న కాలు ఇప్పుడెట్లున్నది?" అంది.

అట్లనే ఉందన్నాను.

"అప్పుడు నువ్వన్న దాన్ల తప్పేం లేదు. మా నాన్న ఇనలే, ఏం చేస్తం. ఆయన బిడ్డ మాఫ్ చెయ్యమన్నదని మీ నాన్నకు చెప్పు."

"చెప్తా" అన్నాను.