మణుగూరు అడవి ఊళ్లో నేను పితికిన అరచెంబు పాలు

మణుగూరు అవతలి అడవి ఊళ్లకు దారి ఎట్లా అని చాలామంది అడుగుతున్నారని మా మనవరాలు చెప్పింది. నేను వెళ్లింది తొంభైల మొదట్లో. ఇప్పుడు రోడ్లు మారాయి, కిరాయిలు మారాయి, మనుషులూ మారే ఉంటారు. అయినా రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి. నేను ఆ ఊరు చూడటానికి వెళ్లలేదు. నా కూతురు ఎస్తేరును వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్లాను.

మాది తిరుమలాయపాలెం దగ్గర పల్లె. రెండు బర్రెలను పెట్టుకుని, పాలమ్మి పిల్లలను చదివించాం. ఎస్తేరు ఆరేళ్లప్పుడే తుమ్మముల్లు విరిచి, మేకపిల్లలను వరసగా కూర్చోబెట్టి సూదిమందు ఆట ఆడేది. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా ఒకటే మాట, "గొడ్ల డాక్టర్నైత." అందరం నవ్వేవాళ్లం. ఇంటరయ్యాక నిజంగానే పశువుల వైద్యంలో ఏడాది ట్రైనింగు తీసుకుంది. ఒక చిన్న సంస్థవాళ్లు అడవి ఊళ్లో పని ఇస్తామంటే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. జీతం తక్కువ, అదైనా ఎన్నాళ్లుంటుందో తెలియదు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పాము, చలిజ్వరం, వాగు, ఒంటరి ఆడపిల్ల, ఏదో ఒకటి తలుచుకుంటూ తెల్లవార్లూ దొర్లేదాన్ని. ఆమె వెళ్లిన ఎనిమిది నెలలకు, ఒక శుక్రవారం పోస్టులో కాగితం వచ్చింది. నా పోరు పడలేక ఎప్పుడో రాసిన పరీక్షకు ఖమ్మంలో టీచర్ ట్రైనింగు సీటు వచ్చింది. సోమవారం లోపల చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

శనివారం పొద్దున ఆరింటి బస్సుకు బయల్దేరి ఖమ్మంలో దిగాను. అక్కడ కొత్తగూడెం బస్సు దొరికింది. పదిన్నరకు కొత్తగూడెం, అక్కడి నుంచి మణుగూరు బస్సు. అప్పట్లో ఖమ్మం నుంచి మణుగూరుకు మొత్తం కలిపి పాతిక రూపాయలు దాటలేదని గుర్తు. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండువైపులా చెట్లే. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి నడుముకు కట్టుకున్నాను, పది నిమిషాలకోసారి తడిమి చూసుకుంటున్నాను. బస్సు ఆగిన ప్రతిచోటా "మణుగూరు వచ్చిందా బాబూ?" అని అడుగుతుంటే కండక్టరు టికెట్ల సంచీ సర్దుకుంటూ, "అమ్మా, మణుగూరు యాడికీ పోదు. మనమే పోవాలె దాని కాడికి. జర నిమ్మళంగ కూసో" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ, తర్వాతి స్టాపులో మళ్లీ అడిగాను.

మణుగూరులో ఒంటిగంటన్నర అయింది. బొగ్గు లారీల దుమ్ముకు తెల్ల చీర బూడిదరంగు తిరిగింది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి దగ్గర తిని, జీపు కోసం గంట నిలబడ్డాను. పద్నాలుగు మంది ఎక్కితేగానీ జీపు కదల్లేదు. కిరాయి ఐదు రూపాయలు. వాగు దగ్గర దింపుతూ డ్రైవరు, "రేపు రెండు గంటలకు మళ్ల ఈడికే వస్త. తప్పితే ఎల్లుండే. నీకు సీటు ఉంచాల్నా?" అన్నాడు.

"ఇద్దరికి ఉంచు నాయనా. నేను, నా బిడ్డ" అన్నాను.

వాగు దాటి గంట నడిస్తే ఊరు వచ్చింది. పాతిక ఇళ్ల కోయ గూడెం. ఎస్తేరు ముత్తమ్మ అనే ముసలామె ఇంటి వసారాలో ఉంటోంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. చెంపలు లోపలికి పోయాయి. తాగమని బెల్లం వేసిన నల్ల చాయ ఇచ్చింది. నేను కాగితం మాట ఎత్తబోతే చేయి పట్టుకుని ఆపింది.

"అమ్మా, ఏదైనా గానీ రేపు మధ్యాహ్నం చెప్పు. పొద్దున ఊరంతా గొడ్లకు గొంతువాపు సూదులు ఏపిస్తమని ఒప్పుకున్నరు. ఎనిమిది నెలలు తిరిగితే ఇప్పటికి ఒప్పుకున్నరే. మందు మణుగూరు నుంచి ఐసుల పెట్టి తెచ్చిన. రేపు ఏయకుంటే ఖరాబైతది. వాన పడ్డదంటే రోగం ఆగదు."

సరేనన్నాను. రాత్రంతా ఆ లోపలికి పోయిన చెంపలే కళ్లముందు. ఈ పిల్ల పాలచుక్క ఎరగకుండా ఎట్లా బతుకుతోందని ఒకటే దిగులు. తెల్లారేసరికి ఎస్తేరు గొడ్లను నిలబెట్టే దొడ్డి చూసి రావడానికి పోయింది. వాకిట్లో ముత్తమ్మ ఆవు, పక్కనే దూడ. పొదుగు నిండుగా ఉంది. పాతికేళ్లు పాలు పితికిన చేయి ఊరుకుంటుందా? రెండు గుక్కల పాలే కదా, మా ఊళ్లోనైతే ఇంటావిడే పిలిచి పోస్తుంది, ముత్తమ్మ లేచాక చెప్పి నాలుగు రూపాయలిద్దామనుకున్నాను. చెంబు పట్టుకుని కూర్చున్నాను. అరచెంబు నిండేసరికి వెనక అలికిడి అయింది. ముత్తమ్మ. నన్నూ చెంబునూ చూసి, గబగబా వీధిలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి గంటల చప్పుడు మొదలైంది. గొడ్లు దొడ్డివైపు కాకుండా అడవివైపు పోతున్నాయి. ఎస్తేరు పరుగెత్తుకుంటూ వచ్చి నా చేతిలో చెంబు చూసింది. మొహం పాలిపోయింది.

"ఏం చేసినవే అమ్మా! ఈళ్లు ఆవు పాలు పిండరు. అయి దూడయి. ఈ సూదులు పాల కోసమే, పాలన్నీ మణుగూరు కాలనీలకు పట్టుకపోతరని వీళ్ల అనుమానం. నాకు పాలతోని పని లేదని ఎనిమిది నెలల సంది చెప్తున్న. నమ్మాలని నేను చాయల పాలు గూడ మానేసిన. నువ్వొచ్చి ఒక్క చెంబుతోని…" అని గడప మీద కూలబడింది.

అప్పటిదాకా నా భయమంతా సీటు పోతుందని. ఆ గడప మీద నా బిడ్డను చూశాక, ఈ పని పోతుందేమోనని భయం పట్టుకుంది. నా వల్ల పోతుందేమోనని. చెంబు తీసుకుని ముత్తమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. చింతచెట్టు కింద నలుగురు ఆడవాళ్ల మధ్య ఉంది. వాళ్ల భాషలో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

"నా బిడ్డకు తెల్వదు తల్లీ. తప్పు నాది" అన్నాను.

ముత్తమ్మ తెలుగులో అడిగింది. "నీ పిల్ల నోటికాడిది ఇంకొకరు గుంజుకుంటే ఊకుంటవా?"

"ఊకోను."

"మరి తాపు."

ముత్తమ్మ వెంట వాకిట్లోకి తిరిగొచ్చి, దూడ దగ్గర కూర్చుని, పాలలో వేళ్లు ముంచి దాని నోట్లో పెట్టాను. ముందు మొహం తిప్పుకుంది, తర్వాత గరుకు నాలుకతో వేళ్లు చీకింది. చెంబు ఖాళీ అయ్యేదాకా ముత్తమ్మ నా నెత్తి మీదే నిలబడింది. "ఇంతదూరం పాల కోసమొచ్చినవా?" అంది ఎగతాళిగా. నాకు అబద్ధం రాలేదు. "నా బిడ్డను తీసుకపోను వచ్చిన. ఖమ్మంల మంచి నౌకరికి దారి దొరికింది" అన్నాను.

ముత్తమ్మ మొహంలో ఎగతాళి పోయింది. "సూదమ్మను తీసుకపోతవా? పోయినేడు మా ఎద్దు గొంతు ఉబ్బి సచ్చింది. ఇప్పుడీమె పోతే మళ్ల ఎవలొస్తరు?" అంది. తర్వాత ఆవు తాడు విప్పి నా చేతిలో పెట్టింది. "నువ్వు పిండిన ఆవుకే ముందు ఏపిస్త. నువ్వే పట్టాలె. తన్నినా వదలొద్దు."

తన్నింది కూడా. నా మోకాలి మీద. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఒకటే నవ్వు. ఎస్తేరు ఆవు మెడ మీద అరచేత్తో రెండు సార్లు తట్టి, మూడోసారి సూది దింపింది. ఆవుకు తెలిసేలోపు అయిపోయింది. ముళ్లతో ఆడేప్పుడూ ఇట్లాగే తట్టేది. ముత్తమ్మ అడవివైపు చేయి చాపి కేకేసింది. ఒక్కొక్కరే గొడ్లను వెనక్కి తోలుకొచ్చారు. పన్నెండున్నర దాకా తాళ్లు పట్టి నా చేతులు పుళ్లయ్యాయి. నలుగురైదుగురు చివరిదాకా రానే లేదు.

అంతా అయ్యాక ఎస్తేరు చేతులు కడుక్కుని, "ఇప్పుడు చెప్పమ్మా, ఏమొచ్చింది?" అంది. కాగితం ఇచ్చాను. రెండు సార్లు చదివింది. "సోమవారమంటే రేపే" అని నా వైపు చూసింది. "నువ్వేమంటవ్?"

"రాని ఐదిండ్లోల్ల సంగతి చూడవా?" అన్నాను.

ఆమె కాగితాన్ని మడిచి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. వాగు దాకా సాగనంపింది. రెండింటికి జీపు వచ్చింది. "ఇద్దరన్నవ్ కదమ్మా? సీటు ఉంచిన" అన్నాడు డ్రైవరు.

"ఒక్కదాన్నే నాయనా. జల్దీ పోనీయ్" అన్నాను. ఇంకో నిమిషం ఆగితే దిగిపోయి, చేయి పట్టుకుని గుంజేదాన్ని.

ఎస్తేరుకు పర్మనెంటు ఉద్యోగం రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ నేను తప్పు చేశానేమోనని భయపడుతూనే ఉన్నాను. ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది, మోకాలి మీద ఆవు తన్నిన చోట చలికాలం ఇంకా నొప్పి తెలుస్తుంది. పిల్లలకు ఏ పని మంచిదో పెద్దవాళ్లకు తెలుస్తుందని అంటారు. నాకైతే తెలియలేదు. భయం మాత్రమే తెలిసింది. ఆ భయంతో ఆమెది లాక్కోబోయి, సగంలో ఆగాను. అంతే నేను చేసింది. మీరు ఆ వైపు వెళ్తే జీపు తిరిగొచ్చే టైము డ్రైవరును ముందే అడిగి పెట్టుకోండి. ఇంకొక్క మాట: మీకు చాయలో పాలు లేకపోతే గడవదంటే మణుగూరులోనే పాలపొడి డబ్బా కొనుక్కోండి, వాకిట్లో ఆవు ఎంత నిండుగా కనబడినా చెంబు తీయకండి.