వాకిట్లో 142857

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బడులన్నీ మూతపడ్డాయి. జనగామలో మా గల్లీకి పొద్దునా లాఠీలే, సాయంత్రమూ లాఠీలే. డిగ్రీ చదివే మా అన్న ఊరేగింపులో రాళ్లు రువ్వాడని పోలీసులు వెతుకుతున్నారు. రువ్వాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వాడు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు, వాకిలిని ఆనుకున్న అర్రలో, వడ్లు అయిపోయిన గరిసెలో. మనిషెత్తు వెదురు గరిసె అది, మూత పెడితే లోపల మనిషి ఉన్నట్టే తెలియదు. దొరికిపోతాడేమోనన్న భయంతో మమ్మల్ని కన్న అవ్వకు ముద్ద దిగేది కాదు.

వాడికి లెక్కల పిచ్చి. గరిసెలో కూర్చునే నాకు ఆ సంఖ్య నేర్పాడు. 142857.

"చెల్లె, దీన్ని రెండుతోని గుణించు."

285714 వచ్చింది. అవే అంకెలు, అదే వరస, మొదలు ఒక్కటే మారింది. మూడుతో 428571. ఆరు దాకా అంతే. అబ్బ, ఒళ్లు జలదరించింది! మర్నాడు సాన్పి చల్లి ముగ్గు వేస్తుంటే చేయి ఊరుకుంటుందా? ఆరు రేకుల పువ్వు వేసి రేకుకొక అంకె పెట్టాను. ఏ రేకు దగ్గర మొదలుపెట్టి చుట్టూ చదివినా ఒక గుణకారమే.

అది ఎస్సై కంట్లో పడింది. కోస్తా మనిషి. జీపు ఆపించి దిగాడు.

"ఏంటమ్మాయ్ ఈ నెంబరు? ఎవడికి సిగ్నలు?"

"సిగ్నల్ కాదు సార్, గిది లెక్క."

"గిదీ గదీ ఏంటి, సరిగ్గా మాట్లాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ వెనకాలే గరిసె ఉంది. కోపం మింగి, ముగ్గు చుట్టూ తిరుగుతూ చదివి చూపించాను. కానిస్టేబులు సుద్దముక్కతో గోడ మీద గుణించి చూశాడు. రెండు సరిపోయింది. అయిదు సరిపోయింది. ఎస్సై లాఠీ చంకలో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"మరి ఏడుతో?"

ఏడు సంగతి అన్న చెప్పనే లేదు.

"మల్ల మొదటికే వస్తది సార్. గీ అంకెనే."

"భలే ఉందే!" అని నవ్వి ఎస్సై జీపు వైపు తిరిగాడు. గడపలో నిలబడ్డ అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"తప్పు!" అర్రలోంచి కేక. "ఏడుతోని ఆరు తొమ్మిదులొస్తయి!"

గరిసె మూత తీసి వాణ్ణి బయటికి లాగారు. జుట్టునిండా వడ్ల దుమ్ము. ఏడుపు కాదు, నాకు వాడి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అవ్వ నెత్తి కొట్టుకుంది.

"నోరు మూసుకోని ఉంటె నీ సొమ్మేం పోతుండెరా!"

చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నా వాడు అవ్వ వైపు తిరిగాడు.

"అది లెక్క తప్పు చెప్తె ఎట్ల ఊకుంటనే అవ్వా?"

నిజంగానే అడిగాడు. జవాబు చెప్పేలోపే జీపు ఎక్కించారు.