నిండు గ్లాసుతో రాట్నం మామ

రంగులరాట్నం ఆపడం ఓ గొప్పా అనేవాళ్లు రాట్నం మామను చూడలేదన్నమాట. చెక్కగుర్రం మీద కూర్చున్న పిల్ల చేతికి అంచుదాకా నీళ్లు నింపిన గ్లాసిచ్చి, చక్రం జోరుగా తిప్పి, చుక్క ఒలకకుండా ఆపిన మొనగాడాయన. గుర్రాలు చెక్కిందీ ఆయనే, రంగులేసిందీ ఆయనే, ఇరుసు బిగించిందీ ఆయనే. చక్రం ఉన్న ఆ ఊరి పార్కులో ఒక్క పిల్లకైనా మోకాలు గీరుకుపోయింది లేదు. అరచెయ్యి బ్రేకు కర్ర మీద, అరికాలు ఇనుపపలక మీద ఆనించాడంటే చక్రానికి ఎక్కడ నలతగా ఉందో ఇట్టే పట్టేసేవాడు. ఇన్ని విద్యలున్న మనిషి తను మాత్రం ఎన్నడూ ఎక్కి ఎరగడు. కళ్లు తిరుగుతాయట!

అలాంటి మామకు కాలేయంలో కాన్సర్ ముదిరిందని తేలింది. కోసి తీయడానికి వీల్లేదన్నారు. ఆస్పత్రిలో ఆయన పక్కన భార్య కూర్చుంది. పార్కులో టిక్కెట్ల గదిని ఏలే ఆవిడను ఊరంతా అత్త అనే పిలుస్తుంది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నగొట్టం పంపి, రేడియేషన్ ఉన్న చిన్నచిన్న పూసల్ని నేరుగా గడ్డలోకి వదలొచ్చు. కొన్నాళ్లు నీరసంగా ఉంటుంది. లేదంటే రోజూ మాత్రలు. వాటితో విరేచనాలు కావచ్చు, అరచేతులూ అరికాళ్లూ మండి తోలు ఊడొచ్చు. సెలైన్‌లో ఎక్కించే మందులున్నాయి గానీ, మీ పాత కీళ్లజబ్బుకు అవి పడవు."

"ఏది ఎక్కువకాలం బతికిస్తుందమ్మా?" అడిగాడు మామ.

"మీలాంటివాళ్లలో రెండూ ఇంచుమించు ఒకటే. జబ్బును మొత్తం తుడిచేసేవి కావు. తేడా అంతా రోజులు ఎలా గడుస్తాయన్న దాంట్లోనే."

"అయితే పూసలే! చేతులు మండితే బ్రేకెవడు పడతాడు?"

"తొందరపడకండి. ముందు వేరే రేణువులు పంపి చూస్తాం. అవి ఊపిరితిత్తుల్లోకి మరీ ఎక్కువగా జారిపోతే అసలు పూసలు వేయం."

మామ ముఖం వెలిగిపోయింది. "విన్నావుటే! పిల్లల్ని ఎక్కించే ముందు నేను ఇసుక బస్తాలు ఎక్కించి తిప్పనూ? ఈవిడ మన పద్ధతి మనిషే!"

ఆయన బస్తాల పరీక్ష ఎన్నడూ తప్పింది లేదు మరి! అందుకే పరీక్ష చేయించుకుని ఇంటికొస్తూనే, ఫలితం రాకముందే కుంచె పట్టి గుండ్రటి అక్షరాలతో బోర్డు రాసి, ఆస్పత్రి తిరుగుళ్లతో మూతపడ్డ పార్కు గేటుకు తగిలించాడు: 'వచ్చే ఆదివారం నుంచి చక్రం తిరుగును.'

శుక్రవారం ఫలితం వచ్చింది. రేణువులు ఊపిరితిత్తుల్లోకి బాగా జారాయి. ఇక మాత్రలే గతి.

మామ బోర్డు విప్పబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "మాత్రలు మింగేది నోరేగా! ఆ ఆదివారం తిప్పు."

తిప్పాడు. అలా కొన్ని వారాలు లాగించాడు. తర్వాత అరచేతులూ అరికాళ్లూ ఎర్రబారి నిప్పుల్లా మండాయి. డాక్టరమ్మ మోతాదు తగ్గించి, పూత మందిచ్చి, నూలు తొడుగులు వేసుకోమంది. గేటు ముందు పిల్లలు క్యూ కట్టి కేకలేస్తుంటే మామ తొడుగుల చేతులు బ్రేకు కర్ర దాకా చాచి వెనక్కి తీసుకున్నాడు.

అత్త టిక్కెట్ల గదికి తాళమేసి వచ్చి బ్రేకు పట్టుకుంది.

"నీకు రాదే!"

"నేర్పు. నీ నోరు బాగానే ఉందిగా."

"చక్రం నలత నాకెలా తెలుస్తుంది? చేతులు పోయె, కాళ్లు పోయె."

"కూర్చునే చోటు క్షేమమే కదా! ఎక్కవయ్యా గుర్రం."

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మామ ఎక్కాడు. అత్త నిండు గ్లాసు తెచ్చి తొడుగుల చేతుల్లో పెట్టింది. చక్రం కదిలింది. చెట్లూ గేటూ బోర్డూ పిల్లల మొహాలూ ఒకదాని వెంట ఒకటి గిర్రున పరుగెత్తాయి.

"ఓరి నాయనో! ఇంత బాగుంటుందని ఒక్కరూ చెప్పలేదేమే! ఆగాగు, నల్లగుర్రం కింద గ్రీజు అయిపోయింది, నా పిర్రలకు తెలుస్తోంది! ఇప్పుడు బ్రేకు... మెల్లగా... పసిబిడ్డ తల నిమిరినట్టు..."

చక్రం ఆగింది. సగం గ్లాసు మామ ఒళ్లో పడింది.

"తడిసిపోయానే!"

"మరి నాకు చేతనయ్యేదాకా రోజూ ఎక్కాల్సిందే," అంది అత్త, గ్లాసు మళ్లీ నింపుతూ.