రెండు పగ్గాల పడవ

ఆ వేసవిలో నా కుడిచేతి గుప్పిట మూతపడేది కాదు. ముందుగా ఆ సంగతి చెప్పకపోతే మా చిన్నాన్న తెచ్చిన పడవ సంగతి ఎవరికీ అర్థం కాదు.

మాది చోడవరంలో చెరుకు పండించే ఇల్లు. ఆ ఏడాది బెల్లం వండే రోజులు చివరికొచ్చేసరికి, నాన్న పెనం దగ్గర పాకం పదును చూడబోయి నేనే తొందరపడ్డాను. తెడ్డు జారి పాకం ఎగిసింది. కుడిచేతి వెనకభాగమంతా కాలింది. వేడినీళ్లయితే జారిపోతాయి, పాకం అలా కాదు, పడ్డచోటే పట్టుకుని కూర్చుంటుంది. పుండు మానింది గాని పైచర్మం బిగిసిపోయింది. వేళ్లు సగం వంగి అక్కడే ఆగిపోయేవి. "రోజూ వంచాలమ్మా. నొప్పి పుట్టినా వంచాలి. వదిలేస్తే అలాగే ఉండిపోతుంది" అన్నారు డాక్టరుగారు. చెప్పడానికేం, వంచితే ప్రాణం పోయేది నాకు. చెయ్యి కొంగులో దాచుకుని మూల కూర్చునేదాన్ని.

అప్పటికే ట్రైనింగు పూర్తయి, కె.కోటపాడు వైపు ఒక ఊళ్లో ఒకటో తరగతి పంతులమ్మగా ఉత్తర్వు వచ్చింది. జూన్‌లో బడి తెరిచేనాటికి చేరాలి. ఒకటో తరగతి పంతులమ్మ పనంటే పాఠం చెప్పడం కాదు, పిల్లల వేలు పట్టుకుని ఇసకలో అక్షరం దిద్దించడం. ఎడంచేత్తో రాయడం నేర్చుకుంటానని నేనంటే నాన్న గోడవైపు చూస్తూ, "ఎడం సేత్తో ఓనమాలు దిద్దిస్తే ఏ తల్లి ఒప్పుకుంటాదే?" అన్నాడు. కోపంతో అన్న మాట కాదది. తన పెనం దగ్గరే నాకలా జరిగిందని ఆయన నా మొహంలోకి చూడడం మానేశాడు. ఆ మాట నిజం కూడాను. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండిపోయింది.

అలాంటి రోజుల్లో చిన్నాన్న సెలవు పెట్టుకుని వచ్చాడు. నాన్నకి తమ్ముడు, విశాఖపట్నం రేవులో ఫిట్టరు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఓడలు బాగుచేసీ చేసీ, తనకంటూ ఒక పడవ ఉండాలని ఎన్నాళ్లనుంచో పిచ్చి. ఈసారి సంచీలోంచి ఒక అట్టపెట్టె తీశాడు. ఎవరో విదేశీ ఓడ ఇంజనీరు దగ్గర కొన్నాడట. పెట్టె మీద బొమ్మ ఉంది. టోపీ పెట్టుకున్న దొర ఒకడు ఒడ్డున నిలబడి, పొడుగాటి తీగ ఉన్న డబ్బా ఒకటి చేత్తో పట్టుకున్నాడు. నీళ్లలో ఎర్రటి పందెం పడవ అతను తిప్పినట్టల్లా తిరుగుతోంది. రేడియోతో నడిచే పడవ, మనమే కట్టుకోవాలి.

"దీనికి పేరేటి పెడదాం?" అన్నాడు చిన్నాన్న, ఇంకా దారం విప్పకుండానే.

"ఆలూ లేదు, సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది మామ్మ.

పెట్టె విప్పితే లోపల పల్చటి చెక్కలు, వాటి మీద ఎక్కడ కోయాలో గీతలు, తాళంచెవితో తిప్పే స్ప్రింగు యంత్రం, చిన్న పంకా, గొట్టంలో జిగురు ఉన్నాయి. రేడియో లేదు. అది విడిగా కొనుక్కోవాలని లోపలి కాగితంలో ఉంది. చిన్నాన్న మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. అంతలోనే తేరుకుని, "మనకి రేడియో ఎందుకే? ఎద్దులబండికి రేడియో ఉందేటి? పగ్గాలు కడదాం" అన్నాడు.

ఆ తరవాత కత్తి నా ముందు పెట్టాడు. "నాకు దగ్గిర సూపు ఆనడం లేదే. నాను సెప్తాను, నువ్వు కొయ్యి."

"నా చెయ్యి చూశావా చిన్నాన్నా?"

"సూసేను. అది వంగినంత మేరకే కొయ్యి."

అలా మొదలైంది. పొద్దున్నే వసారాలో చాప వేసుకుని కూర్చునేవాళ్లం. గీతల వెంట కోయడం, అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దడం, పడవ పక్కటెముకల్ని ఒక్కొక్కటే నిలబెట్టడం, అన్నీ నా పనులే. సాయంత్రం స్ప్రింగు తుప్పు పట్టకుండా తాళంచెవి తిప్పాలనేవాడు, అదీ కుడిచేత్తోనే. చిన్నాన్న నా ఎదురుగా, తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. అదేం కూర్చోవడమో నాకు అర్థమయ్యేది కాదు. నేను చెక్క వంకరగా కోస్తుంటే అతని భుజాలు కదిలేవి గాని చేతులు బయటికొచ్చేవి కావు. నోరు మాత్రం ఆగేది కాదు. "మెత్తగా. పీకకు, ఒత్తకు. మెత్తగా."

ఒకరోజు నొప్పి తట్టుకోలేక, ఆ 'మెత్తగా' వినీ వినీ విసుగెత్తి, చేతిలో ఉన్న ముక్కని వాకిట్లోకి విసిరికొట్టాను. మా ఇంట్లో ఆడపిల్ల అలా విసరడం అదే మొదలు. చిన్నాన్న లేచివెళ్లి తెచ్చాడు, ఊది దుమ్ము తుడిచాడు, "ఇరగలేదు" అని నా ముందు పెట్టి మళ్లీ చేతుల మీద కూర్చున్నాడు. తిడితే బాగుండుననిపించింది. మళ్లీ కత్తి పట్టుకున్నాను.

జిగురు దగ్గర కథ అడ్డం తిరిగింది. గొట్టంలో జిగురు ఎప్పుడో రాయయిపోయింది. అప్పుడు మామ్మ పెద్దరికం బయటికి తీసింది. "ఈ గోడలు మీ తాత కట్టించినవిరా, సున్నంలో బెల్లం కలిపి. ఇన్ని వానలకి ఒక్క పెళ్ల రాలిందేటి?" మాది బెల్లం ఊరు. దగ్గొచ్చినా బెల్లమే, చుట్టమొచ్చినా బెల్లమే, గోడకైనా బెల్లమే. ఇంక పడవకెందుకు పనికిరాదు? రేవులో ఇన్నేళ్లు పనిచేసిన చిన్నాన్న కూడా నిజమే సుమా అన్నాడు. ముగ్గురం కూర్చుని సున్నమూ బెల్లమూ నూరి, అతుకులన్నిటికీ పట్టించి, గూట్లో ఆరబెట్టాం.

తెల్లారి చూస్తే గడప నుంచి గూటిదాకా చీమల బారు. చీమల్ని దులిపి పడవని నీళ్లతొట్టిలో వేశాం. కాసేపు దర్జాగా తేలింది. తరవాత ఉడికిన కందిపప్పులా ఎక్కడికక్కడ విడిపోయింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ బెల్లం నామీద పగబట్టింది, మొదట చెయ్యి తిన్నది, ఇప్పుడు పడవ తిన్నది అని అరిచాను.

"బెల్లం తప్పేటుంది? గోడ ఆరడానికి నెలలు పట్టలేదేటి? మీకే ఓపిక లేదు" అంది మామ్మ.

చిన్నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "గుగ్గిలం! రేవులో పడవలన్నిటికీ గుగ్గిలమూ నూనే కలిపి పట్టిస్తారు. రోజూ సూస్తన్నాను. ఇంటికొచ్చేసరికి మళ్లీ బెల్లపోడినైపోయేను."

గుగ్గిలం మామ్మ పెట్టెలోనే ఉంది, పసిపిల్లలకి తలంట్లయ్యాక పొగ వేయడానికి దాచుకున్నది. "ముందే అడిగితే ఇద్దును కదరా" అంది.

విడిపోయిన ముక్కలన్నీ కడిగి, ఎండబెట్టి, మళ్లీ నిలబెట్టి దారంతో కట్టాం. గుగ్గిలాన్ని నూనెలో కాచాల్సి వచ్చింది. మూకుట్లో అది కరిగి, గోధుమరంగు తిరిగి, బుడగలు వేసింది. అచ్చం పాకమే. నాకు తెలియకుండానే వెనక్కి వెనక్కి నడిచి గుమ్మానికి ఆనుకున్నాను. నాన్న అప్పుడే పొలం నుంచి వచ్చి వాకిట్లో ఆగిపోయాడు. చిన్నాన్న నన్ను బుజ్జగించలేదు, భయమెందుకనీ అనలేదు. మూకుడు దించి, దానికి కాస్త ఎత్తులో తన అరచెయ్యి చాపి సెగ చూస్తూ, బుడగలు ఆగి వేడి తగ్గేదాకా కూర్చున్నాడు. తరవాత గుడ్డ చుట్టిన పుల్ల అందులో ముంచి నావైపు చాచాడు.

"దీనికిప్పుడు కోపం లేదే."

వెళ్లి తీసుకున్నాను. పసిపిల్ల ఉన్న ఇంటి వాసన వచ్చింది. అతుకు మీద రాయబోతే పడవ కదిలిపోతోంది. అప్పుడు నాన్న చెప్పులు విడిచి వచ్చి, చాప మీద కూర్చుని, పడవని రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు. ఆ పూట చివరిదాకా నా చేతినే చూశాడు. గోడవైపు చూడడం ఆ రోజుతో మానేశాడు.

పగ్గాల ఆలోచన మాత్రం పూర్తిగా చిన్నాన్నదే. చుక్కాని మీద అడ్డంగా ఒక పుల్ల, దాని రెండు కొసలకీ మైనం పట్టించిన పొడుగాటి దారాలు. ఒడ్డున నిలబడ్డవాళ్లు కుడిచేత్తో ఒకటి, ఎడంచేత్తో ఒకటి పట్టుకోవాలి. గట్టిగా లాగితే పడవే వెనక్కొచ్చేస్తుంది, వేళ్లతో మెత్తగా లాగాలి. ఊరి పక్క ఏటిమీద ఆనకట్టకి ఎగువన నిలవనీరుంటే అక్కడికి తీసుకెళ్లాం. ఎడం దారం లాగితే పడవ కుడికి పోయింది. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అని మామ్మ ఒకటే నవ్వు. చుక్కాని దగ్గర దారాల్ని అటుదిటు, ఇటుదటు దాటించి కట్టాక, ఎద్దులాగే బుద్ధిగా చెప్పినవైపు తిరిగింది.

అప్పుడు నాన్న నోరు విప్పాడు. "మన బాతుల్ని దాటితే అప్పుడు పడవంటాను."

మా బాతులు మామ్మ చేతి తవుడంటే ప్రాణం పెడతాయి. చిన్నాన్న సెలవు రేపటితో అయిపోతుందనగా పందెం పెట్టాం. మామ్మ తవుడు గిన్నెతో ఆనకట్ట మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్లింది. ఇవతల నాన్న బాతుల్ని ఆపాడు. నేను పగ్గాలు పట్టుకున్నాను. మామ్మ పిలిచింది, నాన్న వదిలాడు, చిన్నాన్న పడవని నీళ్లలోకి తోశాడు.

సగందాకా పడవే ముందుంది. అంతలో ఒక బాతు అడ్డంగా ఈది ఎడం దారం కిందికి దూరింది, రెక్కలు కొట్టుకుంది. పడవ ఎడమవైపుకి, ఆనకట్ట తూము వైపుకి తిరిగింది. తూములోంచి పోతే కింద రాళ్లే. నా చేతులతో కోసిన ప్రతి పుల్లా కళ్లముందు కనిపించింది. ఎడంచెయ్యి పైకెత్తి ఆ దారాన్ని బాతు మీదనుంచి తప్పించి, కుడిచేతి దారాన్ని పట్టి లాగాను. మెత్తగానే లాగాను. పడవ ఒక్కక్షణం ఆగి, బుద్ధి తెచ్చుకున్నట్టు కుడికి మళ్లింది.

బాతులే గెలిచాయి. నాన్న పడీ పడీ నవ్వాడు. చిన్నాన్న మాత్రం నీళ్లవైపు చూడడం లేదు.

"నీ సెయ్యి సూసుకో" అన్నాడు.

నాలుగు వేళ్లూ దారం మీద మూతపడి ఉన్నాయి, పైన బొటనవేలు. గుప్పిట. విప్పి మళ్లీ మూశాను. మళ్లీ మూతపడింది. నాన్న నవ్వు ఆపి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మామ్మ పడవని పట్టుకుని ఇవతలికి వచ్చాక, సంతోషంతో నోటికొచ్చింది అన్నాను. "చిన్నాన్నా, ఇంక కళ్లజోడు పెట్టించుకో. ఈసారి పడవ నువ్వే కట్టుకోవచ్చు."

"ఆడికి కళ్లజోడేటే?" అంది మామ్మ. "నిన్న పొద్దున్న కూడా నా సూదిలో దారం ఆడే ఎక్కించేడు."

చిన్నాన్న ఏటివైపు చూశాడు. నాకు అతని చేతులు గుర్తొచ్చాయి, తొడల కింద నొక్కిపెట్టుకున్నవి. ఎన్నాళ్లో కోరుకుని కొనుక్కున్న పడవ, ఏడాదికోసారి వచ్చే సెలవు. అందులో ఒక్క పుల్ల కూడా తను కోసింది లేదు.

జూన్‌లో ఆ బడికి వెళ్లి, మొదటి పిల్ల వేలు కుడిచేత్తోనే పట్టుకున్నాను. ఆ తరవాత ఎందరి వేళ్లో. డాక్టరుగారు చెప్పింది మంచిదే, కాని నాచేత చేయించింది చిన్నాన్న. ఆ రుణం తీరేది కాదు, తీర్చేసుకోవాలని కూడా నాకెప్పుడూ అనిపించలేదు.

పందెం నాటి సాయంత్రం మాత్రం నా చేతనయింది ఒకటే. తాళంచెవిని కుడిచేత్తో, ఇంక తిరగనని అది ఆగేదాకా తిప్పాను. పడవని నీళ్లలో పెట్టి, పగ్గాలు రెండూ తెచ్చి చిన్నాన్న చేతుల్లో పెట్టాను. ఓడల బోల్టులు తిప్పే మనిషి, ఆ రెండు దారాల్నీ పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎలగ లాగాలే?" అన్నాడు.

"మెత్తగా చిన్నాన్నా" అన్నాను. "మెత్తగా."