బొమ్మరైలుకు నిమ్మకాయ

డైనింగ్ టేబుల్ మీద ఆర్నెల్లుగా కడుతున్న మా ఊళ్లోని ఉధ్నా రైల్వే స్టేషన్ బొమ్మ ఈ రోజుతో పూర్తయింది. ఉదయం పట్టాల మధ్య కంకర అతికించాను. మధ్యాహ్నం సిగ్నళ్లకు వైర్లు కలిపాను. సాయంత్రం తొలిసారి రైలు నడపబోతుంటే, మగ్గాలు బాగుచేసే మల్లేశం వచ్చి ఇంజను ముందు నిమ్మకాయ పెట్టాడు. స్విచ్ వేశాను. ఇంజను దాన్ని గుద్దుకుని పల్టీ కొట్టింది.

"నిమ్మకాయ ఇంజను కన్నా పెద్దది, మల్లేశం."

"గయితేంది సార్? కొత్త బండాయె. తొక్కియ్యకుంటె అక్క ఊకుంటుండెనా?"

మా ఆవిడ బతికుంటే నిజంగానే ఊరుకునేది కాదు. స్టాండుకు చక్రాలున్నాయని ఫ్రిజ్‌తో కూడా తొక్కించిన మనిషి. ఇలాంటి బండికి మీ ఇళ్లలో ఏం పెడతారో చెప్పండి.

రేపు ఉదయం, ఆమె పోయాక తెరవని పోపుల డబ్బా తెరిచి, ఒక ఆవగింజ తీసి చక్రం కింద పెడతాను.