పుణ్యవతి లినక్స్

పుణ్యవతికి కొత్తది నేర్చుకోవడమంటే విసుగు. తణుకులో ఉన్నప్పుడు టైపు మిషను నేర్చుకుంది. పెళ్లయి శేరిలింగంపల్లి వచ్చాక, నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పడే కంప్యూటర్ నేర్చుకుంది. అది చేతికి అలవాటయ్యేలోపే విండోస్ వచ్చిపడింది, దాంతో మౌస్ పట్టడమూ నేర్చుకుంది. నలభై ఎనిమిదేళ్లు నిండాయి, ఇక చాలనుకుంది. మనం అనుకుంటే సరిపోతుందా!

స్టేషను రోడ్డులో ఆమెది జాబ్ టైపింగ్ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, మండలాఫీసు దరఖాస్తులు, అన్నీ తెలుగు పనే. భర్త పోయాక ఇల్లూ, అత్తగారు అనసూయమ్మ మందులూ ఆ ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి.

ఆ ఏడాది దసరాకి ముందు, షాపుల మీద పోలీసు దాడులు జరుగుతున్నాయని, డబ్బు కట్టి కొనకుండా ఎక్కించుకున్న కాపీ విండోస్ కనబడితే కంప్యూటర్లు ఎత్తుకుపోతున్నారని పుకారు పుట్టింది. ఆమె వాడేది కాపీయే. ఆ రోడ్డులో కాపీ కానిదెవరి దగ్గరుంది గనక! కంప్యూటర్ పోతే బతుకే పోయినట్టు. పుణ్యవతికి నిద్ర పట్టలేదు.

పైవాటాలో అద్దెకుండే చైతన్య, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఉద్యోగం చేస్తాడు. విండోస్ తీసేసి లినక్స్ పెట్టుకోమన్నాడు. అది ఉచితమట, కాపీ చేసుకున్నా తప్పు కాదట. ఎవరూ వచ్చి పట్టుకోరా, ప్రింటరు పనిచేస్తుందా అని ఆమె అడిగిందే అడిగింది. అన్నిటికీ అతను ఓపిగ్గా జవాబు చెప్పాడు.

మంచిరోజని విజయదశమి నాడే మొదలుపెట్టారు. పొద్దున పూజలో అనసూయమ్మ మానిటరుకీ, ప్రింటరుకీ, చివరికి లినక్స్ సీడీ మెరిసే వైపుకీ గంధం కుంకుమ పెట్టేశారు. అదంతా తుడిచి ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. పాత విండోస్ మొత్తం చెరిగిపోయింది. చాలా రోజుల తర్వాత పుణ్యవతి గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంది.

మర్నాడు, ఖాజాగూడలో కాపలా పని చేసే మల్లయ్య వచ్చాడు. బస్తీకి బోరు వేయించమని దరఖాస్తు కావాలన్నాడు. పుణ్యవతి కూర్చుని తెలుగు అక్షరాల కోసం వెతికింది. కనబడలేదు. చైతన్యను పిలిపించింది. అతనూ వెతికి వెతికి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇందులో తెలుగు లేదు పిన్నిగారూ. ఇంకా ఎవరూ చేసినట్టు లేదు."

కంప్యూటర్‌కి తెలుగు రాకపోవడమనేది ఉంటుందని ఆమెకు తోచలేదు. రోజంతా ఇంగ్లీషులో కొట్టే అతనికీ ఆ ఆలోచనే రాలేదు.

పోనీ ఇంగ్లీషులో టైపు చేసిస్తానన్నాడు చైతన్య.

"ఇంగ్లీష్ల వద్దు సారూ," అన్నాడు మల్లయ్య. "చదివి ఇనిపిస్తెనే మావోళ్లు ఏలిముద్రలేస్తరు. ఏముందో తెల్వకుండ ఎట్లేస్తరు?"

పుణ్యవతి కాగితం తీసి ఆ దరఖాస్తు చేత్తోనే రాసిచ్చింది. ఇవాళ్టికి సరే. రేపు శుభలేఖలు ఎవరు చేత్తో రాయించుకుంటారు? మల్లయ్య వెళ్లాక కుర్చీలో వెనక్కి వాలింది. కోపం కూడా రాలేదు, అంత అలిసిపోయింది.

"ఆ దొంగదే మళ్లీ పెట్టెయ్ నాయనా," అంది చివరికి. "దానికే మన భాష వచ్చు."

చైతన్య దాడుల సంగతి గుర్తుచేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సాయంత్రానికల్లా విండోస్ తిరిగొచ్చింది, తెలుగూ వచ్చింది. అప్పట్నుంచి షాపు ముందు జీపు ఆగితే చాలు, టైపు చేస్తున్న మాట మధ్యలోనే ఆమె వేళ్లు ఆగిపోయేవి.